బర్సీము మేత: గొఱ్ఱెపిల్లల యెదుగుదల, ఉన్ని

బర్సీము క్లోవరు జాతికి చెందిన మేతపైరు. ఈజిప్టు దేశమునుండి వచ్చిన ఈ పైరు 1904లో సింధుప్రాంతమున ప్రవేశపెట్టబడెను. పెసర, ఉలవలవలెనే దీని వేళ్లయందును బుడిపెలుండి గాలిలోని నత్రజనిని గ్రహించును. అందుచే దీనియందు మాంసకృత్తులు హెచ్చు. బావినీరు గల రైతులు చలికాలమున దీనిని చిన్న మడులలో పెంచి మందకు మేపవచ్చును. అయితే కోసిన యదనునుబట్టి మేతగుణము మారును. ఈ సంగతి గమనింపనిచో మోపు పెరిగినను పిల్ల పెరుగదు.

కోత: ఆశ్వయుజ, కార్తికమాసములలో విత్తిన పైరు 50 లేక 60 దినములకు మొదటికోతకు వచ్చును. పిమ్మట 25 మొదలు 30 దినముల కొకసారి కోయవచ్చును. లేతపైరును ఎండబెట్టి తూచినచో నూటికి 20 పాళ్లకు సమీపముగా మాంసకృత్తులుండును. ఇవి ముఖ్యముగా ఆకులలో నుండును. పూత వచ్చినకొలది కాడ గట్టిపడి, ఆకు తగ్గి, మేత బలము తగ్గును. కావున పూతకు ముందే కోయవలెను.

పిల్లలు: తొలివారములలో పిల్లకు పాలే యాహారము. తల్లికి మంచిమేత లేనిచో పాలు తగ్గి పిల్ల కృశించును. పిల్ల మేయనారంభించిన తరువాత ముదురుకాడలు దాని చిన్నకడుపులో చాలసేపు నిలిచియుండును. కడుపు నిండియే యుండుటచే పిల్ల మరల మేయజాలదు. లేతయాకు త్వరగా జీర్ణమగును గనుక పిల్ల యెక్కువ తిని యెదుగును.

ఉన్ని: ఉన్ని గంధకముతో కూడిన మాంసకృత్తులచే నేర్పడును. మేత చాలని దినములలో పెరిగిన పోగు సన్నబడి, వడకునపుడు ఆ చోటనే తెగును. ఇంతకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. ఉన్నిమొలకలలో పెక్కులు, తల్లి చూడితో నున్న కడపటి దినములలోను పిల్ల పుట్టిన తొలిదినములలోను తయారగును. అప్పుడు మేత లోపించినచో, తరువాత ఎంత మేపినను ఆ కొఱత పూర్తిగా తీరదు. గొంగళ్లకు పనికివచ్చు దక్కను గొఱ్ఱె ముతక ఉన్ని, మంచిమేతచే మెత్తని ఉన్నిగా మారదు; పోగు పొడవును బలమును మాత్రము హెచ్చును. నెల్లూరు గొఱ్ఱెకు కోయదగిన ఉన్ని లేదు గనుక దానివలన లాభము పిల్లల యెదుగుదలయందే.

జాగ్రత్త: మంచుతో తడిసిన లేతబర్సీమును ఆకలిగొన్న గొఱ్ఱెలు ఒక్కసారిగా మేసినచో కడుపుబ్బి గంటలలో చావవచ్చును. ముందుగా జొన్నచొప్ప గాని ఎండుగడ్డి గాని వేయవలెను. కోసిన బర్సీమును కొన్ని గంటలు వాడనిచ్చి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. 2 కిలోల పచ్చిమేతలో నీరు పోగా మిగులునది సుమారు 300 గ్రాములే. కావున బర్సీము ఒక్కటియే చాలదు, ఎండుమేతయు నుండవలెను.

మడి చిన్నదైనచో మందకంతకు పంచరాదు. చూడిగొఱ్ఱెలకును, ఈనిన తల్లులకును, పిల్లలకును ముందుగా వేసి, తక్కిన జీవములను బీటిమేతపైనను చొప్పపైనను నిలుపవలెను.