రాయి కింద ఏముంది?



*వాక్యభాగం: లూకా సువార్త 6వ అధ్యాయం, 46 నుండి 49 వచనాలు.* ముందు బైబిల్ తెరిచి అది చదవండి. తర్వాత ఇది చదవండి.

ఈ వారం మీకు ఒక ఊరి గురించి చెప్పాలి. ఇటలీ దేశంలో, రోము పట్టణానికి ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఒక కొండ మీద చిన్న ఊరు ఉంది. పేరు చీవితా ది బాన్యోరేజో. నేను వెళ్ళి చూసింది కాదు, చదివి, వీడియోలు చూసి తెలుసుకున్నది. ఆ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది, "చచ్చిపోతున్న ఊరు" అని. ఆ పేరు పెట్టింది ఎవరో పగవాడు కాదు. ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన బోనవెంతూరా తెక్కి అనే రచయిత.

చుట్టూ లోతైన లోయలు. మధ్యలో నిలువుగా లేచిన కొండ. దాని నెత్తిన రాతి ఇళ్ళు. పోవడానికి ఒకటే దారి, 1965లో కట్టిన కాలినడక వంతెన. పొడవు సుమారు 300 మీటర్లు. కార్లు పోవు. ఏడాది పొడుగునా అక్కడ కాపురం ఉండేది పది పదిహేను మందే. చూడ్డానికి మాత్రం ఏటా లక్షల మంది వస్తారు. 2013 నుంచి టికెట్ కూడా పెట్టారు.

*ఎందుకు చచ్చిపోతోంది?*

ఊరు ఉన్నది రాయి మీదే. పూర్వం అక్కడ అగ్నిపర్వతాలు పేలి, బూడిద పడి, గట్టిపడి రాయి అయింది. కానీ ఆ రాయి కింద ఉన్నది బంకమట్టి. అంతకుముందు అక్కడ సముద్రం ఉండేది, ఆ సముద్రపు అడుగున పేరుకున్న మట్టి అది. కొండకు రెండు పక్కలా రెండు వాగులు పారుతున్నాయి. వాన, వాగు కలిసి అడుగున మట్టిని కోసుకుపోతాయి. మట్టి జారిపోతే పైన రాయి గాలిలో వేలాడుతుంది. ఒకరోజు విరిగి పడుతుంది. దానితో పాటు దాని మీది ఇల్లూ పోతుంది.

తాపీ పని చేసినవాడిగా ఈ సంగతి నాకు బాగా అర్థమైంది. మన వైపు నల్లరేగడి నేలలో ఇల్లు కట్టినవాళ్ళకు కూడా తెలుసు. వానాకాలం ఆ నేల ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది. గోడ ఎంత గట్టిగా కట్టినా పగులు అడుగునుంచే వస్తుంది. గోడకు సున్నం వేస్తే పగులు కనపడదు, అంతే.

ఆ ఊరు నిన్నా మొన్నా కట్టింది కాదు. సుమారు 2500 ఏళ్ళ క్రితం ఎత్రుస్కన్లు అనే జనం కట్టారు. వాళ్ళు రాయిని తొలిచిన గుహలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఒకటి తర్వాత చిన్న ప్రార్థనా మందిరం అయింది. 1695లో పెద్ద భూకంపం వచ్చింది. ఇళ్ళు కూలాయి, దారి దెబ్బతింది. చాలామంది మూటాముల్లె సర్దుకుని పక్కనే ఉన్న బాన్యోరేజోకు వెళ్ళిపోయారు. బిషప్ గారి పీఠం కూడా అక్కడికే మారిపోయింది. అప్పటిదాకా కేతీడ్రల్‌గా ఉన్న సాన్ దొనాతో చర్చి మామూలు గుడిగా మిగిలింది.

మిగిలింది గానీ మూతపడలేదు. అందులో 15వ శతాబ్దపు చెక్క సిలువ ప్రతిమ ఉంది. గుడ్ ఫ్రైడే నాడు దాన్ని వంతెన దాటించి, బాన్యోరేజో వీధుల్లో ఊరేగింపుగా తీసుకెళ్తారు. ఆ రాత్రే మళ్ళీ సొంత గుడికి తెచ్చేస్తారు. వాళ్ళది ఆర్.సి.ఎం. పద్ధతి, మనలో చాలామందికి ఆ అలవాటు లేదు. అయినా ఆలోచించండి. ఊరు ఖాళీ అయినా, పెద్దలు వెళ్ళిపోయినా, ఆరాధన ఆ చోటు మర్చిపోలేదు.

*ఇల్లు పోయింది, మనిషి నిలిచాడు*

ఈ ఊళ్ళో 13వ శతాబ్దంలో ఒక పిల్లవాడు పుట్టాడు. తర్వాత అతని పేరు బోనవెంతూరా అయింది. చదువు కోసం పారిస్ వెళ్ళాడు. 1257లో ఫ్రాన్సిస్ గారి సన్యాసుల సంఘానికంతటికీ పెద్ద అయ్యాడు. 1274లో ఫ్రాన్స్ దేశంలోని లియోన్ పట్టణంలో, సంఘపు మహాసభ జరుగుతుండగా కన్నుమూశాడు. సొంత ఊళ్ళో కాదు, మనలాగే పరాయి దేశంలో.

అతను పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఆ కొండ అంచు లోయలోకి జారిపోయింది. ఆ చోట ఒక రాతి ఫలకం మాత్రం ఉంది. ఇల్లు పోయింది గానీ, ఆ ఇంట్లో నేర్చుకున్న భక్తి 750 ఏళ్ళ తర్వాత కూడా మాట్లాడుతోంది.

*వాక్యం ఏం చెబుతోంది?*

రెండు ఇళ్ళ ఉపమానం మత్తయిలోనూ ఉంది, లూకాలోనూ ఉంది. లూకాలో ఒక మాట ఎక్కువ ఉంది, గమనించారా? బుద్ధిమంతుడు *లోతుగా తవ్వాడు*. పైన రాయి కనపడగానే ఆగిపోలేదు. చీవితా ఊరు పైకి కనపడే రాయి మీద కట్టింది. ప్రభువు చెప్పిన మనిషి అసలైన బండ తగిలేదాకా తవ్వాడు. ఆ తవ్వడం ఏమిటో 47వ వచనంలో ఉంది. వినడం, విన్నది చేయడం.

అన్నా, తమ్ముడూ, మన బతుకులో పైకి కనపడే రాయి చాలా ఉంది. ఆకామా ఉంది. నెలనెలా జీతం ఉంది. ఊళ్ళో స్లాబు పడింది, పైన రెండో అంతస్తు లేస్తోంది. చూసినవాళ్ళు "గట్టిగా నిలబడ్డాడు" అంటారు. మరి ఆ రాయి కింద ఏముంది?

ఈ మూడు చోట్ల తవ్వి చూసుకోండి:

1. *అప్పు.* ఇంట్లో చెప్పకుండా తెచ్చిన వడ్డీ అప్పు ఉందా? వాగు చప్పుడు చెయ్యకుండా మట్టి కోసినట్టు వడ్డీ కోస్తుంది.

2. *ఫోను.* ఇంటికి చేస్తే డబ్బు మాటలు తప్ప వేరే మాట ఉందా? పిల్ల ఏం చదువుతోందో, అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో, భార్య ఎందుకు ముభావంగా ఉందో అడిగి ఎన్నాళ్ళయింది? అక్కా, నీకూ ఇదే ప్రశ్న.

3. *మోకాళ్ళు.* డ్యూటీ నుంచి వచ్చి, బెడ్ మీద పడి, వీడియోలు చూస్తూ నిద్రపోతే ప్రార్థన ఎప్పుడు? శుక్రవారం కూటంలో పాట గట్టిగా పాడొచ్చు. మిగతా ఆరు రోజులే పునాది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. "చచ్చిపోతున్న ఊరు" అన్నారు గానీ, అది ఇంకా చావలేదు. ఇంజనీర్లు కొండ లోపలికి ఇనుప కడ్డీలు దింపి బిగించారు. కొండచరియల గురించి చెప్పే మ్యూజియం కూడా ఊళ్ళోనే పెట్టారు. అంటే జబ్బు దాచుకోలేదు, అందరికీ చూపించి మందు వేస్తున్నారు. పగులు ఉందని ఒప్పుకున్న ఇంటినే బాగుచేయగలం. సున్నం కొట్టి దాచిన ఇంటికి ఏ మేస్త్రీ ఏమీ చెయ్యలేడు.

*ఈ వారం చేయవలసిన పని:* పై మూడింటిలో ఒకటి తీసుకోండి. శుక్రవారం లోపు ఇంట్లో ఒక మనిషికి దాని గురించి నిజం చెప్పండి. తర్వాత ఇద్దరూ కలిసి ఫోన్లోనే ప్రార్థన చేసుకోండి.

*ప్రార్థన:* తండ్రీ, పైన కట్టింది చూసి మేము మురిసిపోతున్నాము. అడుగున కోసుకుపోతున్నది నీకు కనపడుతోంది. లోతుగా తవ్వే ఓపిక మాకు ఇవ్వు. దూరాన ఉన్న మా ఇళ్ళను నువ్వే పట్టుకో. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

మీ రూములో చదవడం రాని అన్న ఎవరైనా ఉంటే, దయచేసి ఇది చదివి వినిపించండి.