తండ్రి తవ్విన బావి, తండ్రి ఆడిన అబద్ధం

కెనడాలోని లండన్ పట్టణం నుండి రాస్తున్నాను.

నేటి ధ్యాన భాగము: ఆదికాండము 26వ అధ్యాయము.

ఇస్సాకు జీవితం గురించి ప్రత్యేకంగా రాయబడినది దాదాపు ఈ ఒక్క అధ్యాయమే. అందులో ఆయన చేసిన పనులు చూస్తే, చాలావరకు తండ్రి చేసినవే మళ్ళీ చేశాడు.

మొదటిది అబద్ధం. గెరారు వాళ్ళు తనను చంపుతారేమో అని భయపడి, రిబ్కా తన చెల్లెలని చెప్పాడు. అబ్రాహాము శారా విషయంలో ఇదే మాట ఐగుప్తులో ఒకసారి, ఇదే గెరారులో ఇంకోసారి చెప్పాడు (12, 20 అధ్యాయాలు). ఆ రెండుసార్లకీ ఇస్సాకు ఇంకా పుట్టనే లేదు! అయినా అదే భయం, అదే మాట. ఇంకో సంగతి గమనించండి. శారా అబ్రాహాముకు తండ్రి వైపున చెల్లెలే, కాబట్టి తండ్రి మాటలో సగం నిజం ఉంది. రిబ్కా ఇస్సాకుకు చెల్లెలు కాదు. తండ్రి దగ్గర సగం అబద్ధం, కొడుకు దగ్గరికి వచ్చేసరికి మొత్తం అబద్ధం అయ్యింది.

రెండవది బావులు. అబ్రాహాము చనిపోయాక ఫిలిష్తీయులు ఆయన బావులను మన్నుతో పూడ్చేశారు. ఇస్సాకు వాటిని మళ్ళీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. గల్ఫ్ ఎండలో పార పట్టినవాళ్ళకు ఆ కష్టం ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కొత్త బావుల కోసం జగడం వస్తే, కొట్లాడకుండా ముందుకు వెళ్ళి ఇంకోటి తవ్వించాడు. పశువుల కాపరుల మధ్య గొడవ వచ్చినప్పుడు లోతుకు నచ్చిన చోటు వదిలేసిన అబ్రాహాము కొడుకు కదా!

ప్రియులారా, ఒకే కొడుకు, ఒకే అధ్యాయం. తండ్రి భయాన్నీ తీసుకున్నాడు, తండ్రి మంచినీ తీసుకున్నాడు. చేటలో బియ్యం చెరిగి రాళ్ళు ఏరిపారేసినట్టు, మనలో మంచి మాత్రమే ఏరుకోవడం పిల్లలకు చేతకాదు.

చదువుకున్నవాళ్ళు కూడా ఇదే చూశారు. ఈ కెనడాలో, ఆల్బెర్టా రాష్ట్రంలోని ముండేర్ అనే చిన్న ఊళ్ళో 1925లో పుట్టిన ఆల్బర్ట్ బండూరా, అమెరికాలో 72 మంది చిన్నపిల్లలతో చేసిన పరీక్ష 1961లో అచ్చయింది. గాలి నింపిన బొమ్మను ఒక పెద్దమనిషి కొడుతుంటే కొందరు పిల్లలు చూశారు. తర్వాత బొమ్మ దొరికితే వాళ్ళూ అలాగే కొట్టారు, అవే మాటలు అన్నారు. కొట్టమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ చలికాలంలో హ్యూరాన్ సరస్సు వైపు నుంచి వచ్చే గాలికి మంచు బాగా పడుతుంది. మన తెలుగు సహోదరుడు ఒకాయన పొద్దున్నే లేచి, పక్కింటి ముసలమ్మ గుమ్మం ముందు మంచు తోసి, ఆ తర్వాతే తన ఇంటి ముందు తోస్తాడు. ఆయన ఐదేళ్ళ బాబు ప్లాస్టిక్ పార పట్టుకుని నేరుగా ముసలమ్మ గుమ్మం దగ్గరికే వెళ్తాడు. మూడేళ్ళ పాప వంటింట్లో గరిటె తెచ్చుకుని అన్న పక్కన నిలబడుతుంది. ఆ పాప నాన్నను చూడదు, అన్ననే చూస్తుంది. అన్న చూసేది నాన్నను. పెద్దోడికి మనం ఏం చూపిస్తామో, చిన్నదానికి అది వాడే నేర్పుతాడు. ఇంట్లో మనం ఒకసారి అరిస్తే అది కూడా ఇద్దరికీ అందుతుంది.

"బ్రదర్, మా పిల్లలు ఊళ్ళో ఉన్నారు, నేను కువైట్‌లో ఉన్నాను, నన్నెక్కడ చూస్తారు?" అంటారేమో. పుట్టకముందు సంగతే ఇస్సాకు దాకా వచ్చింది కదా! వీడియో కాల్ రోజుకు పది నిమిషాలే కావచ్చు. ఆ పది నిమిషాల్లో మీరు వాళ్ళ అమ్మతో ఎలా మాట్లాడతారో, నాన్నమ్మను ఎలా పలకరిస్తారో పెద్దోడు పక్కనుండి వింటాడు. రేపు చెల్లితో వాడు మాట్లాడేది ఆ గొంతుతోనే. "డబ్బులు అందాయా" అన్న మాట ఒక్కటే వింటే, నాన్న అంటే డబ్బులే అనుకుంటాడు.

కాబట్టి ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ముందు భార్యను ప్రేమగా పలకరించండి. తర్వాత పిల్లలు వినేలా, వాళ్ళ పేర్లు పెట్టి రెండు మాటలు ప్రార్థన చేయండి. పూడిపోయిన బావి అయినా ఒక్కో పార మన్ను తీస్తే మళ్ళీ నీళ్ళు వస్తాయి.

ప్రార్థన: తండ్రీ, మా పిల్లలు మాలో చూసేది నీకు ఇష్టమైనదిగా ఉండేలా మమ్మల్ని మార్చుము. యేసు నామములో, ఆమేన్.

మీ రూములో ఉన్న సహోదరులకు కూడా పంపండి.