అంపశయ్య నేర్పిన సేవ

అంపశయ్య మీదున్న భీష్ముడి కోసం దుర్యోధనుడు శస్త్రవైద్యుల్ని తీసుకొస్తే, ఆయన వాళ్లను సత్కరించి పంపేయమన్నాడు. మరి ఇంక చేసేదేమీ లేదా? ఉంది. అర్జునుడు మూడు బాణాలతో తలకి దిండు అమర్చాడు, దాహం తీర్చాడు. తర్వాత ధర్మరాజు పక్కన కూర్చుని ఆయన మాటలు విన్నాడు.

హాస్పిస్ సేవ అంటే ఇదే. క్యాన్సర్ ముదిరి మందులు పనిచేయనప్పుడు నొప్పికి మార్ఫిన్, పుండ్లకి కట్లు, మనసుకి తోడు. 2014 చట్ట సవరణతో ఆసుపత్రులకి మార్ఫిన్ అనుమతులు సులువయ్యాయి. హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పిస్‌లో ఈ సేవ ఉచితం.

మా గుణదలలో అయినా, మీ ఊళ్లో అయినా డాక్టర్ "ఇంటికి తీసుకెళ్లిపోండి" అంటే అక్కడితో ఆగొద్దు. "నొప్పి తగ్గడానికి ఏమిస్తారు? పాలియేటివ్ కేర్ ఎక్కడుంది?" అని అడగండి. అమ్మమ్మకి ఆ రాత్రి నిద్ర పడితే, అదే మన పూజ.