మందులు లేని సేద్యం

మన గద్వాలను నడిగడ్డ అంటారు. ఒక దిక్కు కృష్ణ, ఒక దిక్కు తుంగభద్ర. ఇక్కడ పత్తి విత్తనాల పంట ఎక్కువ. మందు కొట్టిన చేలల్లో పువ్వులకు క్రాసింగు చేసేది ఎక్కువగా ఆడవాళ్ళమే.

మరి మందులు లేకుండా పంట పండదా?

పండుతుంది. జనగామ జిల్లాలో ఏనెబావి అనే చిన్న ఊరు ఉంది. పురుగుమందులు, రసాయన ఎరువులు వాడబోమని 2006లో ఆ ఊరంతా ఒక్క మాట మీద నిలిచింది. వేపగింజల కషాయం, పశువుల ఎరువు వాడారు.

లాభాలు ఏమిటి?
మందుల ఖర్చు తగ్గుతుంది. అప్పు తగ్గుతుంది. నేల గుల్లబారి, తేమ నిలుస్తుంది. ఒంటికి విషం అంటదు.

నష్టాలు ఏమిటి?
మొదటి రెండు మూడేండ్లు దిగుబడి తగ్గవచ్చు. పశువులు లేని ఇంట్లో పెంట ఎరువు ఉండదు. కలుపు తీయాలి, కషాయం కాయాలి. ఆ పని ఎవరి మీద పడుతుంది? మన మీదే.

తొందరపడినా నష్టమే. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపింది. రైతులకు సరిపడా సేంద్రియ ఎరువు దొరకలేదు. వరి దిగుబడి పడిపోయింది. బియ్యం బయటి దేశాల నుంచి కొన్నారు. కొన్ని నెలలకే ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకున్నారు.

అందుకే మెల్లగా మారాలి. ముందు అర ఎకరంలో చేసి చూడాలి. ముందు పురుగుమందు మానాలి. పెంట ఎరువు సమకూరిన కొద్దీ రసాయన ఎరువు తగ్గించాలి. పనిని ఇంట్లో మగవాళ్ళూ పంచుకోవాలి.

సంఘంలో మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో ఏడాదికి మందుల ఖర్చు ఎంత? రాయండి.
2. మీ ఊరిలో పశువుల ఎరువు ఎన్ని ఎకరాలకు సరిపోతుంది?