తోటలో మీటరు ఎచ్చట నుండవలెను? తీగ ఎంత పొడవుండవచ్చును?

నూజివీడు ప్రాంతపు మామిడి రైతులలో పెక్కుమందికి నివాసము గ్రామమునందు, తోట గ్రామమునకు దూరముగా నుండును. తోటలో నొక బోరు, నొక రేకుల షెడ్డు. కాయ కోతకు వచ్చిన దినములలో కావలివారును కూలీలును అచ్చటనే పడుకొందురు. ఆ షెడ్డునకు దీపములకును, తొట్టికి నీరెక్కించు చిన్న మోటారునకును విద్యుత్తు కోరినప్పుడు చిక్కు పుట్టును. లైను తోట గట్టు వెంబడి పోవుచుండును. షెడ్డు లోపల 80 మీటర్లో, 100 మీటర్లో దూరమున నుండును. ఒక ఉద్యోగి మీటరును స్తంభము కడనే బిగింపవలెననును. ఆయన బదిలీయై పోగా వచ్చినవాడు షెడ్డు గోడ మీదనే యుండవలెననును. 30 మీటర్లు మించి తీగ లాగరాదని ఒకరు చెప్పుదురు. ప్రక్క తోటలో అంతకు రెట్టింపు తీగ వ్రేలాడుచుండుట రైతు కన్నులారా చూచుచునే యుండును.

పొరుగువాని అనుభవమును ప్రమాణముగా గొనుటకు మన ప్రాంతమున మరియొక యడ్డంకి కలదు. 2000 సంవత్సరములో పంపిణీ కంపెనీలు ఏర్పడినప్పుడు కృష్ణా జిల్లా తిరుపతి కేంద్రముగా గల దక్షిణ కంపెనీకిని, పశ్చిమ గోదావరి జిల్లా విశాఖపట్టణము కేంద్రముగా గల తూర్పు కంపెనీకిని పోయినవి. 2020లో విజయవాడ కేంద్రముగా మధ్య కంపెనీ పని ప్రారంభించి కృష్ణా, గుంటూరు, ప్రకాశము జిల్లాలను గైకొన్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది. అనగా పాత కృష్ణాలోని చాట్రాయి రైతును, పాత పశ్చిమ గోదావరిలోని చింతలపూడి రైతును నేడొక్క జిల్లావారే యైనను, కంపెనీల హద్దులు గీయబడినది మాత్రము పాత జిల్లాలను బట్టి. కావున మొదట మీ బిల్లు మీద నే కంపెనీ పేరున్నదో చూచుకొనుడు. కంపెనీ యేదైనను పైనున్న విద్యుత్ నియంత్రణ మండలి ఒక్కటియే.

ఇక చట్టము. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారు 2006లో మీటర్లను గూర్చి నిబంధనలు చేసిరి. వానియందు వినియోగదారుని మీటరు అతని ఆవరణలోనైనను, ఆవరణకు వెలుపలనైనను బిగింపవచ్చునని యున్నది. చదువుటకును పరీక్షించుటకును సులభముగా అందుబాటులో నుండవలెను. లోపలనున్న మీటరు భద్రతకు వినియోగదారుడు జాగ్రత్త వహింపవలెను. వెలుపలనున్నదానికి కంపెనీయే బాధ్యురాలు. ఇద్దరు ఉద్యోగులు రెండు విధములుగా జెప్పుట కిదియే మూలము. ఇరువురి మాటకును నిబంధనలో చోటున్నది. పట్టణపు ఇంటికి ప్రహరీ గోడ యుండును గనుక లోపల, వెలుపల అనునవి తెలియును. తోట గట్టు మీది స్తంభము ఆవరణలోనిదా, వెలుపలిదా? ఈ ప్రశ్నను నియమము వ్రాసినవారు మన తోటలను దృష్టియందుంచుకొని విచారించినట్లు కనబడదు.

పొడవు సంగతి. 1910 నాటి భారత విద్యుత్ చట్టపు అనుబంధములో, కంపెనీ ప్రధాన తీగనుండి 100 అడుగులు దాటిన సర్వీసు తీగ ఖర్చును, దరఖాస్తుదారుని సొంత స్థలములో బడు తీగ ఖర్చును అతడే భరింపవలెనని యుండెను. ఇది ఖర్చు నెవరు పెట్టుకొనవలెనను నియమమే గాని, అంతకు మించి లాగరాదను నిషేధము గాదు. 100 అడుగులనగా 30 మీటర్లకు పైచిలుకు. 2003 చట్టము వచ్చి పాత చట్టమును రద్దుపరచినది. ఖర్చు వసూలు చేయు పద్ధతిని నిర్ణయించు అధికారము నియంత్రణ మండలికి సంక్రమించినది. అయినను ఆ పాత యంకె జనుల నోట నిలిచి, ఖర్చు హద్దును తీగ హద్దును ఒకటిగా గలిపివేసినదని నాకు తోచును. నడుమ స్తంభము లేక దూరముగా లాగిన తీగ సాగి క్రిందికి దిగుననుట మాత్రము నిజమే. దానికి మందు స్తంభము పాతుటయే.

రైతు నష్టము అసలు దాగియున్న చోటు వేరు. ఒక లెక్క చూడుడు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు కిలోమీటరునకు నిరోధము సుమారు 7.4 ఓములు. షెడ్డు 100 మీటర్ల దూరమున నున్నచో, పోవుటకు 100, వచ్చుటకు 100, వెరసి 200 మీటర్ల తీగ. నిరోధము ఒకటిన్నర ఓము. ఒకటిన్నర హార్సుపవరు మోటారు 10 ఆంపియర్లు తీసికొన్నచో తీగలోనే 15 వోల్టులు పోవును. స్తంభము వద్ద 230 ఉన్నచో షెడ్డులో 215. 1956 నాటి విద్యుత్ నియమములు అనుమతించిన హెచ్చుతగ్గులు 6 శాతము, అనగా దిగువ హద్దు 216. వేసవి సాయంకాలమున స్తంభము వద్దనే 220 ఉన్న దినమున మోటారునకు దక్కునది 205 మాత్రమే. మోటారు వేడెక్కి చుట్టలు కాలును.

ఆ తీగలో వేడియై పోవు విద్యుత్తు 148 వాట్లు. దినమునకు 6 గంటలు నడిపినచో నెలకు 27 యూనిట్లు. మీటరు షెడ్డులో నున్నచో ఈ నష్టము కంపెనీది. స్తంభము వద్ద నున్నచో అది మీ బిల్లులోనికి వచ్చును. అంతే కాదు, సరఫరా ఎచ్చట మొదలగునో అచ్చటి వోల్టేజికే కంపెనీ జవాబుదారు. మీటరు గట్టు మీదనుండగా షెడ్డులో వోల్టేజి చాలదని ఫిర్యాదు చేసిన యెడల, మీ తీగ సన్నమని సమాధానము వచ్చును. ఆ సమాధానము తప్పనుటకు వీలులేదు. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో పతనము 6 వోల్టులకును, నష్టము నెలకు 11 యూనిట్లకును దిగును. తీగ కొనునపుడు మిగిలిన డబ్బు బిల్లులో పోవుచుండునని గ్రహింపుడు. 2004 నుండి బోరు మోటార్లకు ఉచిత విద్యుత్తు గనుక యూనిట్ల చింత లేకపోవచ్చును గాని, తక్కువ వోల్టేజికి ఉచిత మోటారని దయ యుండదు.

ప్రాణభయము వీనియన్నిటికంటె పెద్దది. మామిడి కొమ్మల నడుమనుండి పోవు తీగ పైతొడుగు ఎండకు పగులును. ఏప్రిల్, మే నెలల గాలివానకు కొమ్మ విరిగి దానిపై బడును. కోతగాని చేతిలోని చిక్కపు గెడ ఇనుపదైనను, తడిసిన పచ్చి వెదురైనను తీగకు దగిలిన ప్రమాదమే. మీటరు స్తంభము వద్ద నున్నచో దాని తరువాతి తీగయంతయు రైతుది. దాని కాపుదలయు రైతుదే. అట్టి చోట మెయిన్ స్విచ్చిని, 30 మిల్లీ ఆంపియర్ల ఎర్తు లీకేజి బ్రేకరును మీటరు ప్రక్కనే వాన తగులని పెట్టెలో బిగింపవలెను. షెడ్డులో మాత్రమే బిగించిన బ్రేకరు నడుమనున్న 100 మీటర్ల తీగను కాపాడజాలదు. మన యెర్రనేల వేసవిలో మిక్కిలి ఎండిపోవును గనుక ఎర్తు గుంటలో నీరు పోయుచుండుట మరువరాదు. వీలైనచోట తీగను కవచముగల కేబులుగా గట్టు వెంబడి పూడ్చుట మేలు. దుక్కి చాలు తగులనంత లోతున పూడ్చి, పైన నిటుకలు పరచి, పోయిన దారిని గుర్తు పెట్టుకొనవలెను.

దరఖాస్తుతో పాటు తోట పటమొకటి గీసి జతపరచుడు. స్తంభము, షెడ్డు, నడుమ దూరము, మీటరు కోరు స్థలము అందు జూపుడు. ఉద్యోగి వేరుచోటు సూచించినచో, ఏ నిబంధనను బట్టియో వ్రాతపూర్వకముగా నిమ్మని మర్యాదగా అడుగుడు. తీగ కొనుట ఆ కాగితము చేతికి వచ్చిన తరువాతనే. 2024లో సవరింపబడిన వినియోగదారుల హక్కుల నియమములను బట్టి గ్రామప్రాంతమున క్రొత్త సర్వీసు 15 దినములలో నీయవలెను. లైను పొడిగింపవలసి వచ్చినచో నియంత్రణ మండలి నిర్ణయించిన గడువు వర్తించును. సమాధానము రానిచో 2003 చట్టము 42వ విభాగమును బట్టి ప్రతి కంపెనీయందును ఏర్పడిన ఫిర్యాదుల పరిష్కార వేదికకు వ్రాయుడు. అచ్చటను తృప్తి కలుగనిచో అంబుడ్స్‌మన్ కలడు. పటము నకలును, చెల్లించిన రశీదులును ఒకచోట భద్రపరచుడు.