ఉద్యోగం మానిన పిదప పని చేయరాదనే షరతు చెల్లుతుందా?

హోసూరు పారిశ్రామిక వాడలోగాని, కృష్ణగిరి పరిసరాలలోని కర్మాగారాలలోగాని కొత్తగా చేరేవారి చేత మొదటి రోజున సంతకం చేయించే కాగితాలు నానాటికీ పెరుగుతున్నాయి. అవి చాలావరకు ఆంగ్లంలో ఉంటాయి. జీతం ఉన్న పుటను అందరూ చదువుతారు. చివరి పుటలలో చిన్న అక్షరాలతో ఉండే షరతును చదివేవారు తక్కువ. ఉద్యోగం మానిన తరువాత ఒక సంవత్సరమో రెండు సంవత్సరాలో అదే రకమైన పని చేసే మరొక సంస్థలో చేరరాదని, స్వయంగా ఆ వ్యాపారం పెట్టరాదని ఆ షరతు చెబుతుంది. దానినే పోటీ నిషేధ ఒప్పందం అంటారు.

ఈ పుటలకు తెలుగు కూర్చే పనిలో ఉన్న నాకు ఈ విషయం ఒక యువకుని మూలంగా ఎదురైంది. కుప్పం వైపు నుండి వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న మెషిన్ ఆపరేటరు అతడు. మరొక చోట మూడు వేలు ఎక్కువ జీతానికి పని దొరికింది. రాజీనామా ఇచ్చి, నోటీసు కాలం పూర్తిచేసి బయటకు రాగానే పాత యజమాని తరపు న్యాయవాది నుండి నోటీసు వచ్చింది. యాభై కిలోమీటర్ల లోపల రెండేళ్లపాటు అదే పని చేయరాదని అందులో ఉంది. హోసూరు నుండి బెంగళూరు నలభై కిలోమీటర్ల దూరమే గనుక, ఈ గీత గీస్తే అతనికి తెలిసిన పని దొరికే ఊర్లన్నీ దాని లోపలే పడతాయి. అతడు కొత్త ఉద్యోగం వదులుకొని నాలుగు నెలలు ఇంట కూర్చున్నాడు. నోటీసును తెలుగులో చెప్పమని నా వద్దకు తెచ్చినప్పుడు, ఇన్నాళ్లు ఎవరినీ ఎందుకు అడగలేదని అన్నాను. “సంతకం పెట్టేసినా గదక్కా, ఇంక చేసేదేముంది?” అన్నాడు.

ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానమే.

మన దేశంలో ఒప్పందాలకు ఆధారమైన చట్టం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. దాని 27వ సెక్షను చెప్పే సారం ఇది: చట్టసమ్మతమైన వృత్తినిగాని, వ్యాపారాన్నిగాని, వాణిజ్యాన్నిగాని ఎవరూ చేయకుండా అడ్డుకొనే ప్రతి ఒప్పందమూ ఆ మేరకు చెల్లదు. దీనికి ఆ సెక్షనులోనే ఉన్న మినహాయింపు వ్యాపార ప్రతిష్ఠ, అనగా గుడ్‌విల్, అమ్మకానికి సంబంధించినది. బాగలూరు రోడ్డులో బాగా నడుస్తున్న ఆంధ్రా మెస్సును పేరుతో సహా మరొకరికి అమ్మినవారు, ఎదురుగానే మరొక మెస్సు పెడితే కొన్నవారికి మిగిలేది బల్లలూ గిన్నెలే. అందుచేత సమంజసమైన స్థల పరిమితిలో అటువంటి షరతును చట్టం అనుమతిస్తుంది. భాగస్వాముల మధ్య కొన్ని షరతులను 1932 నాటి భాగస్వామ్య చట్టం కూడా అంగీకరిస్తుంది. జీతానికి పనిచేసేవారు వీటిలో దేని కిందకూ రారు. వారు అమ్మినది తమ శ్రమను మాత్రమే.

అనువాదకురాలిగా ఇక్కడ కొంచెం ఆగవలసి ఉంది. చట్టంలోని పదాన్ని ‘చెల్లదు’ అని తెలుగు చేస్తాము. చాలామంది దానిని ‘నేరం’ అని అర్థం చేసుకొంటారు. అది పొరపాటు. అటువంటి షరతు వ్రాసిన యజమానికి జరిమానా లేదు, శిక్ష లేదు. న్యాయస్థానం దానిని అమలు చేయదు, అంతవరకే. వ్రాసినందుకు నష్టం లేదు గనుకనే వ్రాస్తూ ఉన్నారు. చదివినవాడు భయపడి ఇంట కూర్చుంటే, న్యాయస్థానం గడప తొక్కకుండానే షరతు అమలైపోయినట్లే. ఇక ‘ఆ మేరకు’ అనే మాట కూడా ముఖ్యమైనది. చెల్లని షరతు ఉన్నంత మాత్రాన ఒప్పందమంతా రద్దు కాదు. జీతం, సెలవులు, నోటీసు కాలం, రహస్యాలను కాపాడే బాధ్యత యథాతథంగా నిలుస్తాయి.

ఈ సెక్షనును మొదట పరీక్షించిన ప్రసిద్ధ వ్యాజ్యం 1874లో కలకత్తా హైకోర్టు ముందుకు వచ్చింది. దానిని మాధవచంద్ర ప్రామాణిక్, రాజకుమార్ దాస్ కేసు అంటారు. ఇద్దరూ కంచు, ఇత్తడి సామాను వ్యాపారులు. నగరంలో ఒకే పేటలో పోటీ పడ్డారు. పోటీ తట్టుకోలేని పక్షం రెండవవారితో, “మీరు ఈ పేటలో దుకాణం మూసివేస్తే, మీ పనివారికి మీరిచ్చిన బయానా సొమ్ము 900 రూపాయలు మేము చెల్లిస్తాము” అన్న అర్థంలో ఒప్పుకొన్నది. ఆయన దుకాణం మూసివేశాడు. సొమ్ము మాత్రం రాలేదు. దావా వేశాడు, ఓడిపోయాడు. నిషేధం ఒక్క పేటకే పరిమితం కదా, మిగిలిన నగరమంతా ఆయనకు తెరిచే ఉన్నది కదా అనే వాదాన్ని ప్రధాన న్యాయమూర్తి రిచర్డ్ కౌచ్ అంగీకరించలేదు. పక్కనున్న 28వ సెక్షనులో ‘సంపూర్ణంగా’ అనే మాట ఉన్నది, 27వ సెక్షనులో లేదు. కాబట్టి పాక్షికమైన అడ్డంకి కూడా చెల్లదు అని తీర్పు. మాట తప్పినవారు గెలవడం చదివేవారికి కష్టం కలిగిస్తుంది. నాకూ కలిగింది. కాని ‘యాభై కిలోమీటర్లే కదా, రెండేళ్లే కదా’ అనే నేటి వాదనకు అడ్డుకట్ట ఆ తీర్పులోనే ఉన్నది.

ఇంగ్లండులో అట్లా కాదు. అక్కడ నిషేధం సమంజసమా కాదా అని న్యాయమూర్తి తూచి చూస్తారు. మన చట్టం వ్రాసినవారు ఆ తూకాన్ని వదలి, అమెరికాలో న్యూయార్కు రాష్ట్రం కోసం డేవిడ్ డడ్లీ ఫీల్డ్ తయారుచేసిన ముసాయిదాను అనుసరించారు. న్యూయార్కు దానిని స్వీకరించలేదు. కాలిఫోర్నియా స్వీకరించింది, అదీ 1872లోనే. అందుచేత హోసూరులోని మెషిన్ ఆపరేటరుకూ కాలిఫోర్నియాలోని తెలుగు ఇంజనీరుకూ ఈ విషయంలో చట్టం ఒకే మూలం నుండి వచ్చింది. టెక్సాసులో ఉన్న బంధువులకు ఆ రక్షణ లేదు. అక్కడ సమంజసమైన నిషేధాలు చెల్లుతాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో దేశమంతటా ఇటువంటి ఒప్పందాలను నిషేధిస్తూ నియమం తెచ్చినా, ఆగస్టులో టెక్సాసు ఫెడరల్ న్యాయస్థానం దానిని కొట్టివేసింది. మన వద్ద కనబడే కాగితాలు కొన్ని ఇతర దేశాల నమూనాలను అట్లాగే దించుకొన్నవేమోనని నా అనుమానం. నేను చూసిన ఒకదానిలో దూరం మైళ్లలో ఉన్నది.

ఇప్పుడు అసలు భేదానికి వద్దాము. ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే నిషేధం వేరు, మానిన తరువాతి నిషేధం వేరు. 1885లో బ్రహ్మపుత్ర టీ కంపెనీ వ్యాజ్యంలో, తోట ఉద్యోగి పని చేస్తున్న కాలంలో పోటీ పడరాదనే భాగాన్ని కలకత్తా హైకోర్టు అంగీకరించి, మానిన తరువాత అయిదేళ్లు నలభై మైళ్ల లోపల పోటీ పడరాదనే భాగాన్ని త్రోసిపుచ్చింది. సుప్రీంకోర్టు 2006లో క్రికెట్ ఆటగాడు జహీర్ ఖాన్ వ్యాజ్యంలోనూ ఒప్పందకాలం ముగిసిన తరువాత కొనసాగే అడ్డంకి చెల్లదని చెప్పింది. కాబట్టి పగలు ఒక కర్మాగారంలో పనిచేస్తూ సాయంత్రం దాని పోటీదారునికి పనిచేయడం తగదు. ఆ షరతు చెల్లుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గోలికరి కేసును యజమానుల న్యాయవాదులు తరచు ఉదహరిస్తారు. గోలికరి కల్యాణ్‌లోని టైరు నూలు కర్మాగారంలో షిఫ్టు సూపర్‌వైజరు. అయిదేళ్ల కాలపరిమితితో చేరి, విదేశీ సంస్థల నుండి రహస్యంగా పొందిన పరిజ్ఞానంలో శిక్షణ పొంది, 1964లో, గడువు చాలా మిగిలి ఉండగానే, మానివేసి రాజస్థాన్‌లోని కోటాలో పోటీ సంస్థలో చేరాడు. ఆ మిగిలిన కాలానికి మాత్రమే న్యాయస్థానం అతనిని నిషేధించింది. నోటీసులో ఈ కేసు పేరు కనబడితే వెంటనే బెదరవద్దు. మీ నియామక పత్రంలో ‘ఇన్ని సంవత్సరాలు’ అనే గడువు ఉన్నదా, లేక నోటీసు ఇచ్చి ఎప్పుడైనా మానవచ్చునని ఉన్నదా చూడండి. రెండవదైతే, నోటీసు కాలం సక్రమంగా పూర్తిచేసిన వారికి ఆ తీర్పు వర్తించడం కష్టం. గడువు ఉన్నప్పటికీ, తిరిగి వచ్చి పని చేయమని ఏ న్యాయస్థానమూ నిర్బంధించదు.

శిక్షణ బాండు దీనికి దగ్గరి చుట్టం, కాని వేరే విషయం. ‘మూడేళ్లలోపు మానితే రెండు లక్షలు చెల్లించాలి’ అనే బాండు ఇంకొక చోట పని చేయరాదని చెప్పదు. అందుచేత 27వ సెక్షను దానిని అంత తేలికగా కొట్టివేయదు. విజయా బ్యాంకు వ్యాజ్యంలో 2025 మే 14న సుప్రీంకోర్టు సరిగ్గా అటువంటి మూడేళ్ల, రెండు లక్షల షరతును సమర్థించింది. ప్రభుత్వరంగ సంస్థ బహిరంగ ప్రకటనతో, పరీక్షలతో నియామకం చేయడానికయ్యే వ్యయాన్ని, ఆ అధికారి జీతాన్ని లెక్కలోకి తీసుకొంది. అయితే బాండులో వ్రాసిన మొత్తమంతా ప్రతిసారీ రావాలని లేదు. అదే చట్టంలోని 74వ సెక్షను ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దాని లోపల సమంజసమైన పరిహారమే దక్కుతుంది. 2011లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యంలో బాండు రెండు లక్షలకు. శిక్షణకు యజమాని ఖర్చు చేసినట్లు తేలినది 67,595 రూపాయలు. మూడేళ్లలో రెండేళ్లు పనిచేసినందున మూడవ వంతు, అనగా 22,532 రూపాయలు మాత్రమే ఇప్పించారు. ఈ లెక్క గుర్తుంచుకోదగినది. శిక్షణే ఇవ్వకుండా, మొదటి రోజు నుండే యంత్రం మీద నిలబెట్టిన చోట ఏమి ఖర్చయినదో చూపమని అడగవచ్చు.

రహస్యాల సంగతి మాత్రం తేలికగా తీసుకోరాదు. చేతికి వచ్చిన నైపుణ్యం మీది. యంత్రాన్ని సరిచేసే మెలకువ, కొలతను కంటితో పట్టే అలవాటు ఎవరూ వెనక్కు అడగలేరు. పాత సంస్థ నమూనా చిత్రాలు, కొనుగోలుదారుల జాబితా, ధరల పట్టిక పెన్‌డ్రైవులోనో ఫోనులోనో తీసుకొని వెళ్లడం వేరు. అందుకు నష్టపరిహారం, నిషేధాజ్ఞ రెండూ రావచ్చు. మానే ముందు ఫోనులోని ఆఫీసు ఫైళ్లను అప్పగించి, అప్పగించినట్లు ఈమెయిలు పంపండి.

అసలు సర్టిఫికెట్లు పట్టి ఉంచడం ఈ ప్రాంతంలో వినిపించే మరొక బాధ. ఇతరుల వస్తువును బాకీకి ఆధారంగా నిలిపి ఉంచుకొనే సాధారణ హక్కు ఎవరికి ఉన్నదో కాంట్రాక్టు చట్టం 171వ సెక్షను పేర్లతో చెప్పింది. బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు, రేవు నిర్వాహకులు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీ బ్రోకర్లు అందులో ఉన్నారు. యజమాని లేడు. పదవ తరగతి మార్కుల జాబితా యజమాని బీరువాలో ఉండవలసిన కారణమే లేదు. చేరేటప్పుడు చూపి, నకలు ఇచ్చి, అసలును ఇంటికి తెచ్చుకోండి. సంతకం చేసిన ఖాళీ చెక్కు అంతకన్నా ప్రమాదకరం. షరతు చెల్లకపోవచ్చు, కాని చెక్కు మీద సంతకం ఉంటే బాకీ ఉన్నదని చట్టం ముందుగా భావిస్తుంది, లేదని నిరూపించే భారం మీ మీద పడుతుంది.

చివరి నెల జీతాన్ని ఆపడానికి కూడా ఈ షరతు సాకు కాదు. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి సైతం రెండు పనిదినాలలో వేతనం చెల్లించాలి.

నోటీసు వస్తే సమాధానం ఇవ్వకుండా ఊరుకోవద్దు. నోటీసు కేవలం న్యాయవాది ఉత్తరం. న్యాయస్థానం సమన్లు వస్తే మాత్రం ఆ తేదీన హాజరు కావలసిందే, లేనిచో మీ మాట వినకుండానే ఉత్తర్వు రావచ్చు. ఒప్పందంలో ‘వివాదాలు బెంగళూరు న్యాయస్థానాలలోనే’ అని ఉంటే, ఆ న్యాయస్థానానికి సహజంగా అధికారం ఉన్నంతవరకు ఆ మాట చెల్లుతుంది. హోసూరు నుండి అక్కడికే వెళ్లవలసి రావచ్చు. న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారు కృష్ణగిరి జిల్లా న్యాయసేవల సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఫోను నంబరు 15100. తెలుగులో చెప్పుకొంటామని మొదటే అడగండి.

వెళ్లేటప్పుడు నియామక పత్రం, రాజీనామా, దానికి వచ్చిన జవాబు, జీతపు చీటీలు, నోటీసు వచ్చిన కవరుతో సహా తీసుకొని వెళ్లండి. ఆ యువకుడు కవరు పారవేశాడు. నోటీసు ఏ రోజున చేరినదో చూపడానికి తపాలా కార్యాలయం చుట్టూ రెండు రోజులు తిరిగాడు. జవాబు పంపిన తరువాత పాత యజమాని నుండి మరి ఉత్తరం రాలేదు. కాని మూడు వేలు ఎక్కువ ఇస్తామన్న చోట ఖాళీ అప్పటికే నిండిపోయింది. ఇప్పుడు శూళగిరి దగ్గర వేరొక చోట, పాత జీతానికే పని చేస్తున్నాడు.