కౌన్సిలరమ్మ చెప్పిన లెక్క

రోడ్డు, మురిక్కాలువ, కుళాయి, వీధి దీపం. పట్టణంలో ఇవన్నీ ఎవరు చూడాలి? మునిసిపాలిటీ చూడాలి. మునిసిపాలిటీ అంటే ఒక్క ఆఫీసే కాదు. మనం ఓటేసి గెలిపించిన మనుషులు కూడా అందులో ఉంటారు.

పట్టణాన్ని వార్డులుగా విడదీస్తారు. వార్డుకు ఒకరిని ఎన్నుకుంటాం. మునిసిపాలిటీలో వారిని కౌన్సిలర్ అంటారు. పెద్ద నగరాల్లో కార్పొరేషన్ ఉంటుంది. అక్కడ కార్పొరేటర్ అంటారు. పదవి అయిదేళ్ళు.

గెలిచిన కౌన్సిలర్ వార్డు జనానికి ఏం చెప్పాలి? జనం ఏం అడగాలి? ఒక వార్డు కథ చదువుదాం.

వార్డులో రోగం

అది పట్టణం చివర ఉన్న వార్డు. తాపీ మేస్త్రీలు, ఆటో నడిపేవాళ్ళు, ఇళ్ళలో పని చేసుకునే ఆడవాళ్ళు అక్కడ ఉంటారు. వానలు మొదలయ్యాయి. కింది వీధిలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో పదకొండు మంది మంచం పట్టారు. ఒక తాతను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

"గాలి సోకింది" అన్నారు కొందరు. "అమ్మవారికి కోపం వచ్చింది" అన్నారు ఇంకొందరు.

పాలమ్మే అవ్వ ఒప్పుకోలేదు. "కుళాయి నీళ్ళు వాసనొస్తున్నాయి. ముందు ఆ సంగతి చూడండి" అంది.

అవ్వ మాట నిజం. పొద్దున కుళాయి వదలగానే మొదటి రెండు బిందెలు మురికిగా వస్తున్నాయి. తర్వాత నీళ్ళు తేటపడుతున్నాయి. తేటగా ఉన్నాయని జనం తాగుతున్నారు. నీళ్ళు తేటగా ఉన్నంత మాత్రాన మంచివి కావు. రోగం తెచ్చే క్రిములు కంటికి కనిపించవు.

ఇది చిన్న విషయం కాదు. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో తాగే నీళ్ళలో మురుగు కలిసింది. 2018 మార్చిలో గుంటూరులోనూ అలాగే జరిగింది. రెండు చోట్లా వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు.

మురుగు ఎలా కలిసింది?

ఆ వార్డుకు కౌన్సిలర్ ఒక ఆవిడ. అందరూ ఆమెను కౌన్సిలరమ్మ అంటారు. ఆమె ఆ సాయంత్రమే మునిసిపాలిటీ ఇంజనీరును, ఫిట్టరును వెంటబెట్టుకుని వచ్చింది. ఫిట్టరు వీధి మలుపులో తవ్వి చూశాడు. మంచినీళ్ళ పైపు మురిక్కాలువలోంచి పోతోంది. పాత ఇనుప పైపు. తుప్పు పట్టి చిల్లు పడింది.

"చిల్లు పడితే నీళ్ళు బయటికి కారాలి గదా? మురుగు లోపలికి ఎలా పోయింది?" అని అవ్వ అడిగింది.

ఫిట్టరు చెప్పాడు: "నీళ్ళు వదిలినప్పుడు బయటికే కారతాయి అవ్వా. మన వార్డుకు నీళ్ళు వచ్చేది పూటకు గంట. తర్వాత పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న మురుగు చిల్లులోంచి లోపలికి దిగుతుంది. మర్నాడు నీళ్ళు వదలగానే ఆ మురుగే ముందు మీ బిందెలో పడుతుంది. పైగా కొందరు పైపుకే మోటారు బిగించి నీళ్ళు లాగుతున్నారు. మోటారు నీళ్ళతో పాటు మురుగునూ లాగుతుంది."

వార్డు మీటింగు

ఆదివారం బడి ఆవరణలో మీటింగు పెట్టారు. కౌన్సిలరమ్మ ఒక కాగితం తీసి చదివింది. అందులో మూడు భాగాలు ఉన్నాయి.

అయిన పని: చిల్లు పడిన చోట పైపు ముక్క మార్చారు. ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపారు. రోజూ రెండు ట్యాంకర్ల నీళ్ళు వస్తున్నాయి. నర్సమ్మ ఇంటింటికీ తిరిగి ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇచ్చింది.

కాని పని: కింది వీధి మొత్తం పైపు మార్చాలి. దాన్ని కాలువలోంచి తీసి పక్కగా వేయాలి. అది ఇంకా కాలేదు.

ఎందుకు కాలేదు: దానికి డబ్బు కావాలి. కౌన్సిలరు చేతిలో డబ్బు ఉండదు. ముందు ఇంజనీరు అంచనా వేయాలి. కౌన్సిల్ సమావేశంలో తీర్మానం కావాలి. తర్వాత టెండరు పిలవాలి. పని చేయించేది కమిషనరు, ఇంజనీర్లు. అడిగేది, వెంటపడేది కౌన్సిలరు.

"వచ్చే సమావేశంలో మన పైపు సంగతి పెడతాను. ఏమైందో మళ్ళీ ఇక్కడికే వచ్చి చెబుతాను" అంది కౌన్సిలరమ్మ.

అప్పుడు ఆటో నడిపే అబ్బాయి లేచాడు. "అమ్మా, మోటార్లు తీసేయమన్నారు. బాగుంది. మీ మరిదిగారింట్లో కూడా మోటారు ఉంది. దాని సంగతేమిటి?" అన్నాడు.

అందరూ గమ్మున కూర్చున్నారు. కౌన్సిలరమ్మ ముఖం ఎర్రబడింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు అడిగింది న్యాయమే. రేపు పొద్దున ముందు ఆ మోటారే తీయిస్తాను. మిగిలినవి ఆ తర్వాత" అంది.

మర్నాడు ఆ మోటారు తీశారు. మరిది అలిగాడు. వారం రోజులు మాట్లాడలేదు. కానీ ఆ వారంలో వీధిలో మిగతా ఆరు మోటార్లూ తీసేశారు. చివరి ఇంటి కుళాయికి కూడా నీళ్ళు వచ్చాయి.

అవ్వ చదివిన బోర్డు

మూడు నెలలకు పైపు పని మొదలైంది. వీధి మొదట్లో ఒక బోర్డు పెట్టారు. అవ్వ అంతకుముందు ఏడే రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. బోర్డు దగ్గర నిలబడి కూడబలుక్కుని చదివింది. పని పేరు, ఖర్చు, పొడవు రాసి ఉన్నాయి. పొడవు 180 మీటర్లు.

కాంట్రాక్టరు మనుషులు రామాలయం దాకా పైపు వేసి గొయ్యి పూడ్చేస్తున్నారు. అవ్వకు అనుమానం వచ్చింది. మేస్త్రీని పిలిచి టేపుతో కొలిపించింది. 130 మీటర్లే ఉంది. రామాలయం అవతల ఇంకా తొమ్మిది ఇళ్ళు ఉన్నాయి. తాతను ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ ఇళ్ళలోంచే.

వీధివాళ్ళు అర్జీ రాశారు. ఇరవై ముగ్గురు సంతకాలు చేశారు. మునుపు వేలిముద్ర వేసిన వాళ్ళు కూడా ఈసారి సంతకమే చేశారు. ఆఫీసులో అర్జీ ఇచ్చి రశీదు తీసుకున్నారు. నకలు కౌన్సిలరమ్మకు ఇచ్చారు. ఆమె ఆ కాగితం పట్టుకుని కమిషనరు దగ్గరికి వెళ్ళింది. ఇంజనీరు వచ్చి కొలిచాడు. మిగిలిన 50 మీటర్లు వేసేదాకా బిల్లు ఆపారు. పది రోజుల్లో పైపు చివరి ఇంటిదాకా వచ్చింది.

కౌన్సిలరమ్మ మంచిదే. కానీ ఆమె ఒక్కతే అయితే ఆ 50 మీటర్లు ఆమె కంటపడేవి కావు. వీధివాళ్ళు ఒక్కరే అయితే బిల్లు ఆగేది కాదు. లెక్క చెప్పేవాళ్ళు, లెక్క అడిగేవాళ్ళు, ఇద్దరూ ఉంటేనే పని పూర్తవుతుంది. కౌన్సిలరు లెక్క చెప్పడం మనకు చేసే దయ కాదు. అది ఆమె బాధ్యత. అడగడం మన హక్కు.

చట్టం ఏం చెబుతోంది?

1992లో పార్లమెంటు రాజ్యాంగానికి 74వ సవరణ చేసింది. 1993 జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. పట్టణాలకు అప్పగించదగిన 18 పనుల పట్టిక అందులో ఉంది. తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, వీధి దీపాలు, మురికివాడల బాగు ఆ పట్టికలో ఉన్నాయి. సీట్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళకు ఉండాలని కూడా అందులో ఉంది. తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టాలు దాన్ని సగానికి పెంచాయి.

హైదరాబాదులో నీళ్ళ పని జలమండలిది. అక్కడ అర్జీ జలమండలికి ఇవ్వాలి. ఏ పని ఎవరిదో ముందు తెలుసుకోవాలి.

పని లెక్కలు చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. కాగితం మీద రాసి అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు.

అర్జీ ఇలా రాయండి

మునిసిపల్ కమిషనరు గారికి,
అయ్యా / అమ్మా,
మాది ......వ వార్డు, ...... వీధి. ...... తేదీ నుంచి మా కుళాయిల్లో మురికి నీళ్ళు వస్తున్నాయి. మా వీధిలో ...... మందికి విరేచనాలు అయ్యాయి. వెంటనే పైపు బాగు చేయించాలి. అంతవరకు ట్యాంకరు పంపించాలి.
ఇట్లు,
(పేర్లు, ఇంటి నంబర్లు, సంతకాలు)

అర్జీకి నకలు ఉంచుకోండి. రశీదు తప్పక అడగండి. రశీదు మీద తేదీ ఉందో లేదో చూడండి.

గుర్తుంచుకోండి

నీళ్ళు తెర్లేదాకా కాచి, చల్లార్చి తాగాలి.

విరేచనాలు అవుతుంటే ఓ.ఆర్.ఎస్. తాగించాలి. పొట్లం లేకపోతే ఇంట్లోనే కలుపుకోవచ్చు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు వేసి కలపాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు.

చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు.

కళ్ళు లోతుకుపోయినా, ఒంటికి పోవడం ఆగినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మాట్లాడుకుందాం

1. మీ వార్డు నంబరు ఎంత? మీ కౌన్సిలరు ఎవరు?
2. కుళాయి నీళ్ళలో మురుగు ఎలా కలుస్తుంది?
3. ఆటో అబ్బాయి అందరి ముందు అలా అడగడం సబబేనా? మీరైతే ఏం చేసేవారు?
4. మీ వీధిలో జరిగే పనికి బోర్డు ఉందా? వెళ్ళి చదవండి. పని పేరు, ఖర్చు, పొడవు మీ నోటుపుస్తకంలో రాయండి.
5. మీ వీధిలో "అయిన పని", "కాని పని" అని రెండు పట్టికలు రాయండి. కాని పని ఎందుకు కాలేదో మీ కౌన్సిలరును అడగండి.